మందు తాపుతూనే ఉన్నాం, మంద తగ్గుతూనే ఉంది

మొదట పోయింది మందలో అన్నిటికంటే బలంగా ఉన్న పొట్టేలు పిల్ల. నాలుగు నెలలది. ముందు రోజు సాయంత్రం దొడ్డిలో మిగతా పిల్లలతో కలిసి ఎగిరింది. తెల్లారి చూస్తే మూలన కాళ్లు చాపుకుని పడి ఉంది. నాయిన దాన్ని తిరగేసి చూసి, "చిటుక రోగం రా. బలిసిందే పోతది దాంట్ల" అన్నాడు. చిటుక రోగానికి మే నెలలోనే టీకా వేయించాం కదా అంటే, "టీకా ఏసినంక పోవద్దని ఉన్నదా" అన్నాడు. ఆయనది యాభై ఏళ్ల అనుభవం, నాది రెండేళ్లది. నోరు మూసుకున్నాను.

ఇది 2022 వానాకాలం సంగతి. మాది వనపర్తి జిల్లాలో చెరువు ఉన్న ఊరు. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లో పదకొండేళ్లు డెలివరీలు, డ్రైవింగు అంటూ తిరిగి, నాయినకు మోకాళ్లు పట్టేశాయని తిరిగి వచ్చి మంద చూసుకుంటున్నాను. అప్పటికి 62 గొర్రెలు, 14 మేకలు. గొర్రెల్లో ఎక్కువ నెల్లూరు జోడిపివే, తెల్ల ఒంటి మీద మూతి దగ్గర, కళ్ల చుట్టూ నల్ల మచ్చలుండేవి.

వచ్చిన మొదటి ఏడాదే ఒక పని చేశాను. అప్పట్లో అది చాలా తెలివైన పని అనుకున్నాను. చెరువు కట్ట కింద మాకున్న రెండెకరాలకు కంచె వేయించాను. గరిక, తుంగ ఒత్తుగా పెరిగే తేమ నేల. పొద్దున్నే ఆరు గంటలకు జీవాలను అందులోకి తోలి గేటు వేస్తే, కాపలా అక్కర్లేదు, రైతులతో తగాదా లేదు. సాయంత్రం పచ్చి గడ్డి కోసి అక్కడే వేసేవాణ్ణి. నాయిన కాలంలో మంద ఒక్కచోట ఉండేది కాదు. ఇవాళ గుట్ట మీద, రేపు కోసిన చేలల్లో, రాత్రుళ్లు ఎవరి పొలంలోనో ఎరువు కోసం మంద కట్టడం. రెండు మూడు రాత్రులకు పొలం మారేది. ఈ తిరుగుడంతా ఎందుకని నేనే మాన్పించాను.

ఆ ఏడు జూలైలో వానలు విరగబడి కురిశాయి. కట్ట కింద గడ్డి మోకాలెత్తు లేచింది. ఇంకేం కావాలి అనుకున్నాను.

మొదటి పిల్ల పోయిన వారానికి ఇంకోటి, ఆ మూడో రోజు ఇంకోటి. అప్పుడు ఒకటి గమనించాను. కొన్ని గొర్రెలకు సాయంత్రం మేసి వచ్చేసరికి దవడ కింద సంచి వేలాడుతున్నట్టు వాపు. నొక్కితే మెత్తగా, నీళ్లు నింపినట్టు. పొద్దునకల్లా సగం తగ్గిపోయేది. పొద్దంతా తల వంచుకుని మేస్తుంటే నీరు అక్కడికి జారుతుంది, రాత్రి తలెత్తి పడుకుంటే తగ్గుతుంది అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, పొద్దున తగ్గిపోతోంది కదా, ఏదో పురుగు కుట్టి ఉంటుందిలే అని వదిలేశాం.

నట్టలేమో అన్న అనుమానం నాకు రాకపోలేదు. కానీ మా లెక్క ప్రకారం కడుపులో నట్టలుంటే పారాలి, అంటే విరేచనాలు కావాలి. మా జీవాలేవీ పారడం లేదు. పెంటికలు గట్టిగా, గుండ్రంగా చక్కగా ఉన్నాయి. పైగా జూన్‌లో నట్టల మందు తాపాం. అయినా ఎందుకైనా మంచిదని మళ్లీ షాపుకు పోయి అడిగితే, "అదే పనిచెయ్యకపోతే ఈ కంపెనీది వాడు" అని ఇంకో సీసా ఇచ్చాడు. మందు మార్చాం అనుకుని అందరికీ తాపాం. మొదటిది ఆల్బెండజోల్, రెండోది ఫెన్‌బెండజోల్. రెండూ ఒకే కుటుంబం మందులని, ఒకటి పనిచేయని చోట రెండోది కూడా పెద్దగా చేయదని మాకేం తెలుసు! సీసా రంగు వేరు, బొమ్మ వేరు, ధర వేరు. మారిందనే అనుకుంటాం.

రెండో మందు తాపిన ఆరో రోజున మళ్లీ రెండు పోయాయి. అందులో ఒకటి ఈనడానికి నెల రోజులున్న తల్లి. అప్పుడు నాయినకు చెప్పకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేశాను.

వచ్చిన డాక్టరమ్మ ముందు చచ్చినదాన్ని చూడలేదు. బతికున్న వాటిలో ఒక గొర్రెను పట్టుకోమని, ఎండలోకి తిప్పి, బొటనవేలితో పైరెప్ప మీద కొంచెం నొక్కి కింది రెప్పను లాగింది. లోపలి పొర పేపరులా తెల్లగా ఉంది. ఇంకోటి పట్టుకోమంది. అదీ అంతే. నాలుగోది మాత్రం గులాబీ రంగులో ఉంది. "ఇవి రోజూ చూస్తరా?" అంది. కళ్లెందుకు చూస్తామమ్మా, మేత మేస్తున్నాయా లేదా చూస్తాం అన్నాను.

తర్వాత చచ్చిన గొర్రెను కోసింది. లోపల రక్తం ఎర్ర నీళ్లలా ఉంది, చిక్కదనమే లేదు. గొర్రెకు పొట్టలో నాలుగు అరలు. బోటి కడిగే వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. అందులో నాలుగోది, అసలు అరుగుదల జరిగే సంచి, దాన్ని చీల్చి తెల్ల పళ్లెంలో బోర్లించింది. కాఫీ డికాషన్ రంగు నీళ్లు. అందులో సన్నటి దారాలు. నీళ్లు పోసి కొంచెం తేరాక చూస్తే ఆ దారాలు కదులుతున్నాయి. అంగుళం లోపే ఉంటాయి. దగ్గరగా చూస్తే ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టు ఉంది ఒక్కొక్కటి. ఎరుపు అది తాగిన రక్తం, దాని చుట్టూ తిరిగిన తెలుపు ఆడ పురుగు గర్భసంచి అని చెప్పింది. పేరు హీమాంకస్. నాయిన అప్పటిదాకా దూరంగా నిలబడ్డవాడు దగ్గరికొచ్చి పళ్లెం మీదికి వంగాడు. "ఇన్నా?" అన్నాడు. ఇంకేం అనలేదు.

ఆవిడ చెప్పిన లెక్క ఇప్పటికీ మర్చిపోలేను. ఒక్కో పురుగు రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తం లాగుతుంది. ఒక్క చుక్క. కానీ రెండు వేల పురుగులుంటే రోజుకు 100 మిల్లీలీటర్లు. పన్నెండు కిలోల పిల్ల ఒంట్లో మొత్తం రక్తమే ముప్పావు లీటరు చుట్టుపక్కల ఉంటుంది. పురుగులు ఒక్కసారిగా ఎక్కువ ఎక్కితే ఒళ్లు చిక్కేంత టైమ్ కూడా ఉండదు, బలంగా కనిపిస్తూనే పడిపోతుంది. నాయిన చిటుక రోగం అనుకున్నది అందుకే. ఇక పారకపోవడం గురించి అడిగితే, ఈ పురుగు చేసే పని రక్తం తాగడమే, చాలాసార్లు విరేచనాలు ఉండవు, ఒక్కోసారి మలబద్ధకమే ఉంటుంది అంది. రక్తంలో మాంసకృత్తులు తగ్గిపోయి నీరు దవడ కిందికి దిగుతుంది. మేం పురుగు కుట్టిందనుకున్న వాపు అది.

"జీవాలను ఎక్కడ మేపుతున్నరు?" అని అడిగింది. గర్వంగానే కంచె చూపించాను. ఆవిడ గేటు దగ్గరే నిలబడి కాసేపు చూసి, "ఎన్ని నెలల నుంచి ఇందులోనే?" అంది. చెప్పాను. "పొద్దున ఎన్ని గంటలకు తోల్తరు?" చెప్పాను.

ఒక్క ఆడ పురుగు రోజుకు ఐదు వేల నుంచి పది వేల దాకా గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడతాయి. వానాకాలపు వెచ్చదనం, తేమ దొరికితే వారం తిరగక ముందే అంటుకోవడానికి సిద్ధమైన పిల్ల పురుగులవుతాయి. గడ్డి పోచ మీద మంచు తడి ఉన్నప్పుడు ఆ నీటి పొరలోనే ఈదుతూ పైకి పాకుతాయి. గొర్రె నేలకు మూతి ఆనించి మేసే జీవం. పొద్దున్నే ఆరు గంటలకు, మంచు ఆరక ముందు, తన పెంటికల మధ్యే మేయమని నేను గేటు తీసి మరీ పంపాను. మింగిన మూడు వారాలకు అవి పెద్దవై మళ్లీ గుడ్లు. ఆ రెండెకరాల్లో ఇన్నాళ్లూ నేను పెంచింది ఏమిటో అప్పుడు అర్థమైంది. రెండు మూడు రాత్రులకో పొలం మారిన నాయిన మందకు ఈ పురుగు లేకపోలేదు, ఉంది. మింగే లెక్క తక్కువ, అంతే.

ఆయన తప్పు ఇంకోచోట ఉంది. అది బయటపడేసరికి నాకు కొంచెం ఊరట కలిగిందని ఒప్పుకోవాలి. మందు ఎంత పోశారని డాక్టరమ్మ అడిగితే, "ఇరవై కిలోలుంటయి, ఆరు ఎమ్మెల్" అన్నాడు నాయిన. పంచాయతీ దగ్గర కాటా తెచ్చి, గోనె సంచిని ఉయ్యాలలా కట్టి తూచాం. ఆయన ఇరవై అన్న గొర్రె 29 కిలోలు ఉంది. మేం తెచ్చిన ఆల్బెండజోల్ సీసాలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాముల మందు. కిలోకు ఏడున్నర మిల్లీగ్రాముల లెక్కన దానికి దాదాపు తొమ్మిది మిల్లీలీటర్లు పడాలి. ఏళ్ల తరబడి ప్రతిసారీ మూడో వంతు తక్కువ పోస్తూ వచ్చాం. ఆ కొద్ది మందుకు చచ్చేవి చచ్చాయి, తట్టుకున్నవి బతికి పిల్లలు పెట్టాయి. మేకల సంగతి ఇంకా దారుణం. మేక ఒంట్లో ఈ మందులు త్వరగా కరిగిపోతాయట. చాలా నట్టల మందులు గొర్రెకు వేసే మోతాదు కంటే ఒకటిన్నర రెట్లు, కొన్ని రెండు రెట్లు కావాలి. మేం మేక చిన్నగా ఉంటుంది కదా అని ఇంకా తగ్గించి పోసేవాళ్లం.

ఇప్పుడు తేల్చాల్సింది, తప్పు మోతాదుదా, లేక మందు పనిచేయడమే మానేసిందా అన్నది. దానికి పేడ పరీక్ష చేయాలి అంది.

మొదటి పరీక్షను నేను చెడగొట్టాను. దొడ్డిలో నేల మీది పెంటికలు ఏరి ప్లాస్టిక్ కవర్లలో కట్టి, బస్సులో మధ్యాహ్నం ఎండలో జిల్లా కేంద్రానికి పట్టుకుపోయాను. ల్యాబ్‌కు చేరేసరికే గుడ్లు పొదిగిపోయాయి. ఏ పెంటిక ఏ గొర్రెదో కూడా నాకు తెలియదు. ల్యాబ్‌లో ఉన్నాయన తిట్టలేదు, పక్కన కూర్చోబెట్టి చెప్పాడు. చేతికి తొడుగు వేసుకుని గొర్రె లోపలి నుంచే తీయాలి, చెవి నంబరు రాయాలి, ఐసు పెట్టిన డబ్బాలో తేవాలి. రెండోసారి అలాగే తెచ్చాను. ఆయన ఉప్పు నీళ్లలో కలిపి వడగట్టి, మెక్‌మాస్టర్ స్లైడు అనే గళ్లు గీసిన గాజు పలకలో పోశాడు. గుడ్లు తేలికగా ఉండి పైకి తేలతాయి. గళ్లలో ఉన్నవి లెక్కపెట్టి హెచ్చవేస్తే గ్రాము పేడలో ఎన్ని గుడ్లో వస్తుంది. నన్నూ సూక్ష్మదర్శినిలో చూడమన్నాడు. గింజల్లా, గళ్ల నిండా ఉన్నాయి. ఆ రోజు రాత్రి అన్నం సహించలేదు.

డాక్టరమ్మ రెండు గుంపులు చేసింది. కళ్లు కాస్త మెరుగ్గా ఉన్న పది గొర్రెలకు తూచి, పూర్తి మోతాదులో ఫెన్‌బెండజోల్. బాగా పాలిపోయిన పదింటికి క్లోసాంటెల్ అనే వేరే జాతి మందు. ఈ క్లోసాంటెల్ సంగతిలో గట్టిగా హెచ్చరించింది. ఎక్కువైతే జీవానికి చూపు పోతుంది, చేతి అంచనాతో పోయొద్దు అని. తక్కువ పోస్తే పురుగు చావదు, ఎక్కువ పోస్తే గొర్రె గుడ్డిదవుతుంది. కాటా కొనక తప్పలేదు.

ఆ మందు తాపే రోజు ఒక పొరపాటు జరిగింది. రక్తం లేని జీవాన్ని పరిగెత్తించకూడదు. నాకది చెప్పారు. అయినా టెన్షన్‌లో, వాన వచ్చేలా ఉందని, దొడ్డి నుంచి కొట్టంలోకి గబగబా తోలాను. ఒక పిల్ల గుమ్మం దగ్గరే మోకాళ్ల మీద పడింది. నోరు తెరిచి నాలుగైదు సార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది. మందు గొంతు దాకా వచ్చి ఆగిన పిల్ల అది. వాన మాత్రం రానే లేదు.

పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఐసు డబ్బా. ఫెన్‌బెండజోల్ తాపిన గుంపులో ముందు సగటున గ్రాముకు 2600 గుడ్లు, తర్వాత 1700. క్లోసాంటెల్ గుంపులో ముందు 3100, తర్వాత 50. మందు బాగా పనిచేస్తే 95 శాతం పైగా తగ్గాలి. మొదటి మందు పూర్తి మోతాదులో పోసినా మూడో వంతే తగ్గించింది. అంటే మా రెండెకరాల పురుగులకు అది దాదాపు మంచినీళ్లు.

ఇక్కడ నేను ఆశపడ్డాను. క్లోసాంటెల్ ఇంత బాగా పనిచేస్తే, మిగిలిన అన్నిటికీ అదే తాపేద్దాం, పీడ వదులుతుంది అన్నాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అందరికీ తాపితే, మందుకు తట్టుకున్న పురుగులే మందలో మిగులుతాయి, రెండేళ్లలో ఇదీ పోతుంది. బాగున్నవాటిని వదిలేస్తే వాటి కడుపులో మందు ఎరగని పురుగులు ఉంటాయి, వాటి సంతానం కలిసి మొండి పురుగుల వాటా పెరగనీయదు. రోగం ఉన్నవాటికి మాత్రమే తాపాలి. పురుగులను కావాలని మిగల్చడమేమిటని నాయిన నవ్వాడు. నాకూ తల తిరిగింది. అప్పుడే ఆవిడ కంటి కార్డు ఇచ్చింది.

ఫమాచా అంటారు దాన్ని. దక్షిణాఫ్రికాలో పుట్టింది, దాని వెనకున్న పశువైద్యుడు ఫాఫా మలాన్ పేరులోని అక్షరాలకు చార్ట్ అన్న మాటలోని 'చా' కలిపి పెట్టిన పేరు. కార్డు మీద ఐదు రంగులు, ఒకటి ఎర్రది, ఐదు తెల్లది. నాలుగు, ఐదు వస్తే మందు. మూడు వస్తే పిల్లలకు, చూడి గొర్రెలకు మందు, మిగతా వాటిని ఇంకోసారి చూడాలి. ఒకటి, రెండు అయితే వదిలేయాలి. ఎండలోనే చూడాలి, నీడలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇది రక్తం తాగే పురుగుకు మాత్రమే పనికొచ్చే కొలత. కార్జపు జలగ ఉన్నా, ఒంట్లో ఇంకే రోగం వల్ల రక్తం తగ్గినా కళ్లు పాలిపోతాయి, కాబట్టి అప్పుడప్పుడు పేడ పరీక్ష తప్పదు.

మొదటిసారి మంద మొత్తం చూడడానికి నాకు, మా బావమరిదికి మూడు గంటలు పట్టింది. ఇప్పుడు గంటలోపే. వానాకాలంలో పదిహేను రోజులకోసారి, ఎండాకాలంలో నెలకోసారి. ఆ మొదటి రోజు 4, 5 వచ్చినవి పందొమ్మిది. అవన్నీ ఇరుగు పొరుగుకు కూడా కనిపించేంత చిక్కినవేం కావు. కొన్ని నున్నగా మెరుస్తున్నాయి.

రక్తం తిరిగి పట్టడానికి పల్లి చెక్క, ఖనిజ లవణాల మిశ్రమం, ఐరన్ ఇంజక్షన్లు. ఖర్చు బాగానే అయింది. మొత్తం పదకొండు జీవాలు పోయాయి, అందులో మేకలు రెండే. మేక పైన ఆకు అందినంతసేపు నేల మీద గడ్డి ముట్టదు, పిల్ల పురుగులు అంత ఎత్తు ఎక్కవు. సంత బేరగాడొకడు దవడ కింద వాపున్న వాటిని తలా పదిహేను వందలకు అడిగాడు. వాటికి మందు తాపి నాలుగు రోజులే అయింది. సీసా మీద రాసిన గడువు లోపల మాంసానికి ఇవ్వకూడదని చెబితే, "నువ్వు చెప్పకుంటే నాకెట్ల తెలుస్తది" అన్నాడు. ఇవ్వలేదు. అందులో మూడు బతికాయి, రెండు బతకలేదు.

కంచె ఇప్పటికీ ఉంది. లోపల జీవాలు తిరగవు. గడ్డి జానెడు వదిలి పైన కోసి తెచ్చి వేస్తాను, కొంత భాగంలో అవిశె, సుబాబుల్ పెట్టాను. ఎండాకాలంలో నేల బాగా కాలాకే మందను అందులోకి వదులుతాను. మంద మళ్లీ గుట్టకు పోతోంది, మంచు ఆరాక, తొమ్మిది దాటాక. ఈ పద్ధతిలో నాకు రోజంతా పోతుంది. నచ్చక కాదు గానీ, హైదరాబాద్ నుంచి వచ్చింది ఇందుకా అని ఎండలో అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ప్రతి చూపులోనూ 4 వచ్చే గొర్రె ఒకటుంది మాకు, చెవికి గాటున్నది. రాసిపెట్టుకున్న నోటు పుస్తకంలో దాని వరుస నిండా నాలుగులే. పురుగును తట్టుకునే గుణం తల్లి నుంచి పిల్లకు వస్తుంది, తట్టుకోలేనిదాన్ని మందలో ఉంచితే ఆ గుణమే పెరుగుతుంది, తీసేయండి అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. కానీ అది మా అమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన గొర్రెల తరంలో మిగిలిన ఆఖరుది. అమ్మ పోయి ఆరేళ్లు. నాయినతో అమ్మకం మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు.

మొన్న ఆదివారం వరుసలో దాని వంతు వచ్చినప్పుడు ఆయనే పట్టుకుని, ఎండకు తిప్పి, రెప్ప లాగి చూశాడు. "మూడే ఉన్నది" అన్నాడు. నేను కార్డు ఆనించి చూశాను. నాలుగు. కాటాకు గోనె కట్టాను.